ఓడిన మర్నాటి నమస్కారాలు

మా పెద్దమావయ్య ఎన్నికల్లో ఓడిపోవడానికి ఒక పద్ధతి ఉండేది. ఫలితం వచ్చిన మర్నాడు తెల్లవారుతూనే స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని, ఇంటింటికీ వెళ్ళి నమస్కారం పెట్టేవారు. ఓటు వేసినవాళ్ళకి వేసినందుకు. వెయ్యనివాళ్ళకి, అడగడానికి వెళ్ళినప్పుడు కూర్చోబెట్టి కాఫీ ఇచ్చినందుకు. ఎవరు ఏ రకమో తెలిసే వీలు లేదు కాబట్టి అందరికీ ఒకటే నమస్కారం.

అందరిదీ ఒకటే జవాబు కూడా. "ఆయ్, మీకే వేసేమండి." మా కోనసీమలో మనిషి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాక ముఖం మీద కాదనడం అలవాటు లేదు. ఆ జవాబులన్నీ కూడితే మావయ్య ప్రతిసారీ ఏకగ్రీవానికి కాస్త ఇటుగా గెలిచి ఉండాలి. డిపాజిట్ మాత్రం ఒక్కసారీ దక్కలేదు. ఈ రెండింటికీ మధ్య ఉన్న తేడా గురించి ఆయన ఎప్పుడూ ఎవరినీ అడగలేదు. నేను ఒకసారి ఆ ప్రస్తావన తెస్తే, "అబద్ధమైనా మర్యాదకి ఆడేరు కదరా. ఇంకేం కావాలి?" అన్నారు.

నమస్కారాలు మొదలయ్యేది సొంత ఇంట్లోనే. వంటింటి గుమ్మం దగ్గర నిలబడి అత్తయ్యకి రెండు చేతులూ జోడించేవారు. అత్తయ్య పొయ్యి వైపే చూస్తూ, "వేసేన్లెండి, వెళ్ళిరండి" అనేది. అది వాళ్ళిద్దరి సరసమని నా అనుమానం. నిరూపించలేను.

మా పార్టీ పేరు రాయను. సంప్రదాయం నిలబడాలని, దేవుడి భూములు దేవుడికే ఉండాలని, ఓటు అడగాలే తప్ప కొనకూడదని, పెద్దల మాట వినాలని చెప్పే పార్టీ. ఊళ్ళో మమ్మల్ని పాతకాలం వాళ్ళు అనేవారు. మేమూ అది మెచ్చుకోలుగానే తీసుకునేవాళ్ళం. మండలంలో ఆ పార్టీ అంటే మావయ్య వరండాలో నాలుగు కుర్చీలు, ఒక బల్ల, మడతపెట్టిన జెండా, అత్తయ్య పెట్టే కాఫీ. నేను అమలాపురంలో ఒక డిగ్రీ కాలేజీలో కామర్స్ చెబుతాను. చదువుకున్నవాణ్ణి కావడం వల్ల పార్టీలో నాకు తీర్మానాలు రాసే పని ఉండేది. అవి ఎవరూ చదివేవారు కాదు కాబట్టి శైలి మీద శ్రద్ధ పెట్టగలిగాను.

ఈ మధ్య జరిగిన ఎంపీటీసీ ఎన్నికలకి మావయ్య ఎప్పట్లాగే నామినేషన్ వేశారు. ఆయన్ని ప్రతిపాదిస్తూ సంతకం చేసింది పక్కపేటలో ఉండే రిటైర్డ్ హెడ్మాస్టారు. ఆయన క్రైస్తవులు. మా పార్టీ ఆ పేటకి ఎప్పుడూ ఓటు అడగడానికి వెళ్ళలేదు. మావయ్య ఒక్కరే వెళ్ళేవారు, అదీ సాయంకాలం కాలవగట్టు మీద షికారుకి హెడ్మాస్టారిని పిలవడానికి. నిజానికి మా ఊళ్ళో మా పార్టీ సిద్ధాంతం ప్రకారం బతుకుతున్న మనిషి ఆయనొక్కరే. చీకటితోనే లేస్తారు, తాగరు, అప్పు చెయ్యరు, పెద్దవాళ్ళు వస్తే కుర్చీలోంచి లేస్తారు. ఆయన సభ్యుడు మాత్రం కారు. మేం అడగలేదు.

మావయ్యకి ఆసారి పోటీ అలవాటు కోసం కాదు. మురుగుకాలవ పక్కన గుడి మాన్యం ఉంది. మంచి వరి పొలం. కౌలు వేలంపాట దగ్గరపడుతోంది. దాన్ని పాడుకుని రొయ్యల చెరువు తవ్వాలని చుట్టుపక్కల చెరువుల వాళ్ళు చూస్తున్నారు. కాగితం మీద వరి అనే ఉంటుంది, నేల మీద రొయ్యలు ఉంటాయి. ఇలాంటివి రెండు మూడు చోట్ల అప్పటికే జరిగాయి. ఒకసారి ఉప్పునీళ్ళు పెడితే ఆ నేలే కాదు, పక్క నేలా పోతుంది. అలా చెరువులైన చోట్ల పక్కన కొబ్బరిచెట్ల మట్టలు అప్పుడే పసుపు తిరుగుతున్నాయి. మావయ్య చాలా ఏళ్ళుగా ఆ మాన్యం చుట్టూ కాపలా కుక్కలా తిరుగుతున్నారని ఆయన మీద కోపం ఉన్నవాళ్ళు అనేవారు. ఆయన కాదనలేదు. ఆయన తాతగారు ఆ పొలానికి కౌలుదారు. నూర్పిళ్ళయిన రోజు మొదటి కుంచం గుడికి మోసుకెళ్ళిన జ్ఞాపకం ఆయనకి ఉంది. "ఆ ఒక్క చెక్కా వరిగా ఉండగా నేను పోతే చాలు" అనేవారు. అంతకంటే పెద్ద కోరిక ఆయన నోట నేను వినలేదు.

నామినేషన్లు మొదలవగానే పార్టీ వాళ్ళు సర్వే చెయ్యమన్నారు. పని నాకు పడింది. నేనొక్కణ్ణీ వెళ్ళి ఇళ్ళమ్మట అడిగితే బావుండదని మావయ్య కూడా వచ్చారు. గుమ్మంలో మావయ్య నిలబడి ఉండగా నేను కాగితం తీసి, ఈసారి మీ ఓటు ఎవరికండీ అని అడిగేవాణ్ణి. వాళ్ళు మావయ్య వైపు చూసి, కూర్చోమని కుర్చీ లాగి, నా ప్రశ్నకి బదులు చెప్పేవారు. ఊళ్ళో ఒక్క ఓటూ బయటికి పోలేదు. ఇందులో లోపం ఉందని కామర్స్ చెప్పేవాడికి తట్టలేదా అంటే తట్టింది. కానీ మావయ్యని వీధిలో నిలబెట్టి నేను లోపలికి వెళ్ళడం కూడా లోపమే కదా.

కాగితాలు చూసి అమలాపురం నుంచి వచ్చిన మా పార్టీ జిల్లా పెద్ద నవ్వలేదు. అది ఆయన సంస్కారం. మావయ్య వయసువాడే. చాలాకాలం మాతోపాటే ఓడినవాడు. ఏజెంటుగా పోలింగ్ బూతుల్లో కూర్చుని, మన పెట్టెలో ఏమీ లేదని ముందే తెలిసి కూడా సాయంత్రం దాకా లేవని మనిషి. పైనుంచి వేరే సర్వే చేయించారని మెల్లగా చెప్పాడు. ఫోన్లో చేసేరట. ముఖం కనపడని గొంతుకి మా వాళ్ళు నిజం చెప్పేశారు.

ఆ నిజం ప్రకారం గెలవగలిగినవాడు చెరువుల ఆయన. మొన్నటిదాకా అవతలి పార్టీలో ఉండి, నిన్న మా కండువా కప్పుకున్న మనిషి. మాన్యం మీద కన్నేసిన చెరువుల వాళ్ళలో అందరికంటే పెద్దవాడు. అలాగని చెడ్డవాడని రాస్తే తప్పవుతుంది. ఆయన చెరువుల మీద ఊళ్ళో చాలా పొయ్యిలు వెలుగుతున్నాయి. శవాన్ని ఉంచే ఫ్రీజర్ పెట్టె ఒకటి కొని ఊరికిచ్చాడు. గుడి వీధికీ, చర్చి వీధికీ ఒకటే పెట్టె, అద్దె లేదు. దూరాన ఉన్న పిల్లలు వచ్చేదాకా తండ్రి ముఖాన్ని చెడిపోకుండా ఉంచిన మనిషికి వ్యతిరేకంగా ఉపన్యాసం ఇవ్వడం కష్టం. నేను రాయబోయి మానేశాను.

వరండాలో జిల్లా పెద్ద చాలాసేపు మాట్లాడాడు. ఇన్నేళ్ళూ మనం చెప్పినవన్నీ సరైనవేనని, అవి వినాల్సిన గదిలోకి మాత్రం ఒక్కసారీ వెళ్ళలేకపోయామని, ఒక్క సభ్యుడున్నా మండలంలో మన మాట మినిట్సులోకి ఎక్కుతుందని. చెరువుల ఆయన మనవాడు కాకపోవచ్చు, గెలిచాక మనవాడు కావలసి వస్తుంది.

మావయ్య అన్నీ విని ఒక్కటే అడిగారు.

"అలాంటోళ్ళని ఆపడానికే కదండీ మనం పార్టీ అని పెట్టుకున్నది. ఆయనే మనమైపోతే, ఇంక ఆపేది ఎవర్నండి?"

జిల్లా పెద్ద తలదించుకున్నాడు. "మీరు చెప్పింది రైటేనండి. రైటుగా ఉండి ఉండి నాకు అలుపొచ్చేసిందండి."

ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖం చూసి నాకు జోకు రాలేదు. ఇది నాకు తరచుగా జరిగేది కాదు.

పార్టీ బి-ఫారం చెరువుల ఆయనకే వెళ్ళింది. మావయ్య నామినేషన్ ఉపసంహరించుకోవాలి. లేకపోతే స్వతంత్రుడిగా మిగులుతారు. పెద్దల మాట వినాలని జీవితమంతా చెప్పిన మనిషి పెద్దల మాట కాదంటే ఎలా అని పార్టీలోవాళ్ళు గుసగుసలాడుకున్నారు. అదీ న్యాయమే. మా సిద్ధాంతంలో రెండు సూత్రాలు ఒకదానికొకటి అడ్డం పడతాయని అప్పటిదాకా మాకు తెలియలేదు. ఎప్పుడూ గెలవకపోవడం వల్ల వాటిని వాడి చూసే అవసరం రాలేదు.

ఉపసంహరణకి గడువు ఇంకా ఉండగానే చెరువుల ఆయన స్వయంగా ఇంటికి వచ్చాడు. భార్యని కూడా తీసుకొచ్చాడు, పళ్ళు తెచ్చాడు. వరండాలో కాకుండా లోపల గదిలో కూర్చోబెట్టారు. చుట్టూ తిప్పకుండా చెప్పాడు.

"బాబాయిగారండీ, మీ ఓట్లు మీకెళ్తే నేను పోతానండి. మీరు తప్పుకోండి. నేను గెలిస్తే ఆ మాన్యం పాటకి ఈ మాటు రాను. నేను రాకపోతే మా చెరువులోళ్ళెవరూ రారండి."

"మీరు గెలవకపోతేనో?" అన్నారు మావయ్య.

"గెలవకపోతే మరి నాకుండేది చెరువులేగా అండి."

అత్తయ్య కాఫీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో ఆగిపోయి వింది. ఆ మనిషి మాట ఇస్తే నిలబెట్టుకుంటాడని ఊళ్ళో పేరుంది. అత్తయ్య గ్లాసు చేతికిస్తూ ఆయన్ని కాదు, మావయ్యని చూసింది. మావయ్య ఆలోచించి చెప్తానన్నారు.

ఆ సాయంత్రం కాలవగట్టు మీద నేనూ వెళ్ళాను. మావయ్య జరిగింది చెప్పారు. హెడ్మాస్టారు గట్టు మలుపు దాకా నడిచి ఆగారు. తరవాత, "మీరు కాగితం వెనక్కి తీసుకున్నా నాకేం బాధ లేదండి. మాన్యం మిగలడం మంచిదే కదా. కాకపోతే, ఇన్నేళ్ళూ మన పేటకేసి చూడని పార్టీవాడికి ఎందుకు సంతకం పెట్టేవని మా ఇంట్లో అడిగేరండి. పార్టీకి కాదు, మనిషికి పెట్టేనన్నాను. అంతే నేను చెప్పుకోగలిగింది" అన్నారు.

ఆఖరి రోజు మావయ్యని స్కూటరు మీద మండల పరిషత్ ఆఫీసుకి తీసుకెళ్ళాను. ఉపసంహరణ కాగితం పూర్తి చేసి జేబులో పెట్టుకున్నారు. సంతకం ఒక్కటే తరువాయి. వరండాలో బెంచీ మీద కూర్చున్నారు. లోపలికీ బయటికీ జనం తిరుగుతున్నారు. తప్పుకోవడానికి వచ్చినవాళ్ళ వెనకాల, తప్పుకునేలా చేసినవాళ్ళు నవ్వుతూ నిలబడ్డారు. జిల్లా పెద్ద గేటు దగ్గర కారులో ఉన్నాడు. దగ్గరికి రాలేదు. గుమాస్తా బయటికొచ్చి, ఏమన్నా కావాలాండీ అని అడిగాడు. మావయ్య మంచినీళ్ళు కావాలన్నారు. తాగి గ్లాసు తిరిగిచ్చారు. గోడ గడియారం వైపు నేను చూసినన్నిసార్లు ఆయన చూడలేదు. గడువు అయిపోయిందని లోపల తలుపు మూసిన చప్పుడు వినబడ్డాక లేచి, పంచె సర్దుకుని, "పద" అన్నారు.

దారిలో వంతెన మీద గాలికి మాట సరిగ్గా వినబడదని స్కూటరు ఆపమన్నారు.

"మాన్యం కోసం నేను తప్పుకుంటే దాన్ని బేరం పెట్టినట్టే కదరా. దేవుడిది. నాదని ఎలా బేరం పెట్టను?"

 బేరం పెట్టకపోతే అది ఊరికే పోతుంది మావయ్యా అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆయనకి అది తెలియదనుకోవడం అమర్యాద.

స్వతంత్రుడిగా ఆయనకి గొడుగు గుర్తు ఇచ్చారు. గొడుగు పట్టుకుని తిరగమని ఎవరో సలహా ఇచ్చారు. వాన లేకుండా గొడుగేమిటని ఆయన ఒప్పుకోలేదు. ఎప్పట్లాగే ఒక్కసారి ఇంటింటికీ వెళ్ళి, కూర్చుని, అవతలివాళ్ళ మీద మాట తూలకుండా ఓటు అడిగారు. చెరువుల ఆయన ఇంటికి కూడా వెళ్ళారు. అక్కడ కూడా కాఫీ ఇచ్చారు.

లెక్కింపు రోజు నేను ఏజెంటుగా వెళ్ళాను. గెలిచినది అవతలి పార్టీ నిలబెట్టిన మూడో ఆయన. ఆయన గురించి ఊళ్ళో ఎవరికీ ఏ అభిప్రాయమూ లేదు. అదే ఆయన బలమేమో. గెలుపు ప్రకటించగానే అందరికంటే ఆయనే ఎక్కువ ఆశ్చర్యపోయాడు. చెరువుల ఆయన చాలా తక్కువ తేడాతో ఓడిపోయాడు. మావయ్యకి ఎప్పుడూ వచ్చేదానికంటే కాస్త ఎక్కువే వచ్చాయి, చెరువుల ఆయనకి గెలవడానికి తగ్గినవి అంతకంటే తక్కువ. పక్కపేట పెట్టెలోంచి గొడుగు మీద ముద్ర పడ్డ కాగితాలు ఒక్కోటిగా వస్తుంటే బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు నా వైపు చూశారు. మేం ఎప్పుడూ వెళ్ళని పేట అది. నేను తల ఊపాను.

మర్నాడు మావయ్య స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకున్నారు. నేను వరండాలో ఎదురుచూస్తున్నాను. ఆయన వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్ళి చేతులు జోడించారు. వేసేన్లెండి అనే మాట కోసం అలవాటుగా వింటున్నాను. రాలేదు.

అత్తయ్య పొయ్యి ఆపి, చేతులు తుడుచుకుని ఇటు తిరిగింది.

"నేను మీకు వెయ్యలేదండి. ఆయనకి వేసేను. ఆయన గెలిస్తే మాన్యం మిగుల్తుందని."

మావయ్య చేతులు ఇంకా జోడించే ఉన్నాయి. వాటిని ఏం చెయ్యాలో తెలియనట్టు కాసేపు అలాగే ఉంచారు.

"ఆయ్" అన్నారు చివరికి. "మంచి పనే చేసేవు."

"మీ మీద కోపంతో కాదండి."

"తెలుసు."

బయటికొచ్చి చెప్పులు వేసుకున్నారు. ఎడమది కుడికాలికి వేసుకుని మళ్ళీ మార్చుకున్నారు. నేను చూడనట్టు స్కూటరు తుడిచాను.

ఆ రోజు ఇళ్ళన్నీ మారిపోయాయి. కుర్చీ వేశారు, కాఫీ ఇచ్చారు. కానీ ఎప్పుడూ వినబడే మాట చాలా గుమ్మాల్లో వినబడలేదు. కొందరు ఊరికే నేలచూపులు చూశారు. చెరువు మీద పనిచేసే కుర్రాడి తల్లి మాత్రం, మా అబ్బాయి పని అక్కడే కదండీ, మీకు వెయ్యలేకపోయేను, ఏమీ అనుకోకండి అంది. మావయ్య ఆమెకి మిగతావాళ్ళకంటే వంగి నమస్కారం పెట్టారు. ఇన్నేళ్ళకి ఊళ్ళోవాళ్ళు ఆయన్ని ఫలితం మార్చగల మనిషిగా చూసి నిజం చెప్పడం మొదలుపెట్టారని నాకనిపించింది. చాలా ఆలస్యంగా వచ్చిన మర్యాద. నా ఓటు సంగతి ఆ రోజు ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఆఖరి ఇల్లు చెరువుల ఆయనది. ఓడినవాడు ఓడినవాడికి నమస్కారం పెట్టడం అంతవరకు చూడలేదు. ఆయన లేచి ఎదురొచ్చి లోపల కూర్చోబెట్టాడు. కాసేపు ఇద్దరూ వానల గురించి మాట్లాడుకున్నారు. లేచేముందు ఆయనే అన్నాడు.

"పాట వచ్చే నెలండి, బాబాయిగారూ. నేను వస్తున్నాను. తరవాత తెలిస్తే బావుండదని ముందే చెప్తున్నాను."

"మాట తప్పలేదు మీరు. గెలిస్తేననే అన్నారు" అన్నారు మావయ్య. "నేనూ వస్తానండి. కూర్చోడానికి."

వెళ్ళి కూర్చున్నారు కూడా. పక్కన హెడ్మాస్టారు కూర్చున్నారు, గుడి బయట వేసిన టెంటు కింద. పాట ఎక్కువసేపు సాగలేదు. ఆ వేసవిలోనే పొక్లెయిన్ దిగింది. తవ్విన మట్టి నల్లగా, చల్లగా, గట్ల మీద కుప్పలు పడింది. వరి పండించే మట్టికి ఉండే వాసన రెండు రోజులు ఊళ్ళోకి వచ్చింది. తరవాత నీళ్ళు పెట్టారు.

మావయ్య సాయంత్రాలు ఇప్పటికీ అటే వెళ్తారు. చెరువులో నీటికి గాలి పట్టించే చక్రాలు నీళ్ళు చిమ్ముతూ తిరుగుతుంటాయి. ఆయనా, హెడ్మాస్టారూ ఆ చప్పుడులో మాట్లాడుకోవడం కుదరక ఊరికే నడుస్తారు. ఆయన చేసింది తప్పా రైటా అని నన్ను చాలామంది అడిగారు. జిల్లా పెద్ద కూడా ఫోన్ చేసి అడిగాడు, నిజంగా తెలుసుకుందామనే. రెండు వైపులా తీర్మానాలు రాయగలను. సంతకం మాత్రం దేని కిందా పెట్టలేను.

మొన్న అత్తయ్య కంది పచ్చడి రుబ్బుతోంది. మావయ్య వరండాలో జెండా దులిపి మళ్ళీ మడతపెడుతున్నారు. లోపలికి వినబడేలా, మళ్ళీ ఎప్పుడన్నా నిలబడితే ఏం చేస్తావని అడిగారు. నేను పేపరు చదువుతున్నట్టు కూర్చున్నాను.

"మీకే వేస్తానండి" అంది అత్తయ్య. "ఇంక మాన్యం లేదు కదా."

మావయ్య జెండా మడత సరిగ్గా రాలేదని విప్పి మళ్ళీ మొదటినుంచి మడతపెట్టారు.